మన గ్రంథాలయానికి ఏ పుస్తకాలు కొనాలి?



వార్షికోత్సవం దగ్గరపడగానే మన వసతి గృహంలో ప్రతి ఏడాదీ ఒక చర్చ వస్తుంది. గ్రంథాలయానికని పక్కన పెట్టిన కొద్దిపాటి డబ్బుతో ఏం కొనాలి? ఎక్కువమంది చెప్పే మాట ఒకటే. పోటీ పరీక్షల గైడ్లు కొనండి, ఆల్ ఇన్ వన్‌లు కొనండి, జనరల్ నాలెడ్జి పుస్తకాలు కొనండి అంటారు. ఆ మాటను మేము తీసిపారేయడం లేదు. మేము కూడా గైడ్లు చదివే గట్టెక్కాము. కాని బీరువా నిండా గైడ్లే ఉంటే, పుస్తకం అనేది పరీక్ష ముందు తెరిచి పరీక్ష అయ్యాక పాత పేపర్ల వాడికి తూకానికి వేసే వస్తువు అని మనసులో పడిపోతుంది. పైగా సిలబస్ మారితే గైడు రెండేళ్ళకే పనికిరాకుండా పోతుంది. మన బీరువాలో కింది అరను ఒకసారి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

ఈ హాస్టల్లో ఉండి చదివి, ఇప్పుడు పీజీ చేస్తున్న మేము కొందరం కూర్చుని ఈ వ్యాసం రాశాము. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. ఏ పుస్తకం తర్వాత ఏ పుస్తకం చదవాలో చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. మీలో చాలామందికీ అంతే కదా. అందుకని మేము యూనివర్సిటీకి పోయిన తర్వాత చదివి, 'ఇది ఎనిమిదో తరగతిలోనే చేతికి వచ్చి ఉంటే బాగుండేది' అనుకున్న పుస్తకాలను మూడు రకాలుగా చెప్పదలచుకున్నాము. చరిత్ర, భయం కథలు, సామాజిక న్యాయం. కొత్త పుస్తకాలంటే నిన్న మొన్న అచ్చయినవి మాత్రమే కాదు, మన బీరువాకు కొత్తవి.

ముందు చరిత్ర. మనకు చరిత్ర అంటే తేదీలు, యుద్ధాలు, వంశవృక్షాలు. మంగంపేటలో పుట్టినవాడికి ఆ పుస్తకంలో తన ఊరు ఎక్కడా కనబడదు. ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి మన కాళ్ళ కింద ఉంది. మన ముగ్గురాయి పొడి ఓడలెక్కి అమెరికాకూ గల్ఫ్ దేశాలకూ పోయి, నూనె బావులు తవ్వేటప్పుడు వాడే బురదకు బరువునిస్తుంది. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువైన రాయి కాబట్టి, లోపలి నుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని అది అణచి పెడుతుంది. ఈ సంగతి తెలియని పిల్లవాడు మన హాస్టల్లో ఉండడు. లారీల దుమ్ము తెలియనివాడు అసలే ఉండడు. కాని ఆ రాయి తవ్విన మనుషుల గురించి, గని కోసం జరిగి పోయిన ఇళ్ళ గురించి మన బీరువాలో ఒక్క పుస్తకం లేదు. కనుక చరిత్ర పుస్తకాలను దగ్గర నుంచి మొదలుపెట్టి దూరానికి పొమ్మని మా సలహా.

అన్నిటికన్నా దగ్గరది కేతు విశ్వనాథరెడ్డి గారి పని. ఆయన మన ఉమ్మడి కడప జిల్లాలోనే పుట్టిన కథకులు, 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు, 2023లో కన్నుమూశారు. కథలు అందరికీ తెలుసు గాని, ఆయన డాక్టరేటు పరిశోధన కడప జిల్లా ఊరి పేర్ల మీద అని చాలామందికి తెలియదు. ఊరి పేరు మీద కూడా పరిశోధన ఉంటుందా అని మేము మొదట ఆశ్చర్యపడ్డాము. ఉంటుంది. మన మండలం పేరే చూడండి. ఓబులవారిపల్లె. ఓబులు అంటే అహోబిలం స్వామి పేరు జనం నోట మారిన రూపం. అహోబిలం ఎక్కడ, మనమెక్కడ? ఆ పేరు ఇక్కడికి ఎవరు మోసుకొచ్చారు? మంగంపేటలో పేట ఎందుకు వచ్చింది, పల్లె ఎందుకు కాలేదు? ఇట్లా అడగడం మొదలుపెడితే బస్సు మీద రాసి ఉండే ప్రతి బోర్డూ ఒక ప్రశ్నాపత్రం అవుతుంది.

రెండోది కైఫీయత్తులు. కల్నల్ మెకంజీ అనే స్కాట్లండు సర్వే అధికారి 1800 తర్వాత మన దత్తమండలాలలో తన మనుషులను ఊరూరికీ పంపి, ఆ ఊరి చెరువులు, గుళ్ళు, పాళెగాళ్ళు, కరువులు, మాన్యాలు అన్నిటి గురించీ రాయించాడు. ఆ పనిలో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అనే తెలుగు సోదరులు ఆయనకు కుడిభుజంగా ఉన్నారు. ఆ రాతలే కైఫీయత్తులు. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వారు మన జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చు వేశారు. భాష పాతది, మొదట నాలుగు పేజీలు కష్టంగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. అయితే ఒక్క సంగతి గుర్తు పెట్టుకుని చదవాలి. ఈ వివరాలు ఎక్కువగా చెప్పింది ఊరి కరణాలు. కరణం ఇంటి అరుగు మీద కూర్చుని చూస్తే ఊరు ఎంతవరకు కనబడుతుందో అంతవరకే వాటిలో ఉంటుంది. మాలవాడ, మాదిగవాడ ఆ చూపుకు అందీ అందకుండా ఉంటాయి. అందుకని చదవొద్దు అనడం లేదు. ఎవరు చెబుతున్నారు అని అడుగుతూ చదవమంటున్నాము.

ఆ బ్రౌన్ కేంద్రం కూడా తప్పక చూడవలసిన చోటు. బ్రౌన్ దొర 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి, తర్వాత ఎర్రముక్కపల్లె బంగళాలో సొంత జీతం మీద పండితులను పెట్టుకుని తాటాకు ప్రతులను సరిచేయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఆ బంగళా కూలిపోయిన చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా చందాలు పోగుచేసి గ్రంథాలయం నిలబెట్టారు. ఒక రిటైరైన మనిషి పట్టుబడితే ఏమవుతుందో చూడాలంటే కడప బస్సెక్కితే చాలు. ఈ ఏడాది విహారయాత్ర ఎక్కడికని ఆలోచించేవారికి మా సూచన ఇది.

ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర' పేరు మీ తెలుగు వాచకంలో విని ఉంటారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి, పదిహేను నెలల పైన తిరిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. తిరుపతి నుంచి కడపకు మనం ఇప్పుడు రైల్లో రెండు మూడు గంటల్లో పోయే దారినే ఆయన పల్లకీలో పోయారు. ఏ ఊరిలో నీళ్ళు మంచివి, ఏ ఊరిలో అంగళ్ళు ఉన్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, అన్నీ రాసి పెట్టారు. మనకు తెలిసిన ఊళ్ళు రెండు వందల ఏళ్ళ కింద ఎట్లా ఉన్నాయో చదువుతుంటే సినిమా చూసినట్టుంటుంది. పల్లకీలో కూర్చున్నాయన పుస్తకం రాశారు. పల్లకీ మోసిన బోయీలు కూడా అంత దూరమూ నడిచారు, వాళ్ళ కాశీయాత్ర మాత్రం అచ్చు కాలేదు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద 2019లో సినిమా వచ్చింది కదా, అందరమూ చూశాము. చూసినవాళ్ళు తంగిరాల వెంకటసుబ్బారావు గారి 'రేనాటి సూర్యచంద్రులు' కూడా చదవండి. నెలకు 11 రూపాయల చిల్లర భరణం దగ్గర మొదలైన తగవు 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి దాకా ఎట్లా పోయిందో, 1847 ఫిబ్రవరి 22న ఉరి తీసిన తర్వాత ఆయన తలను కోట గుమ్మానికి ముప్పై ఏళ్ళు ఎందుకు వేలాడదీశారో తెలుస్తుంది. ఆయన పక్కన నిలబడి పోరాడిన వడ్డె ఓబన్న పేరు మా చిన్నప్పుడు పాఠంలో లేదు. ఇప్పుడు ప్రభుత్వం ఆయన జయంతి జరుపుతోంది. పేరు పాఠంలోకి రావడానికి నూట డెబ్బై ఏళ్ళు పట్టిందన్న మాట. రేనాడంటే గుర్తొచ్చింది, తెలుగులో దొరికిన తొలి శాసనం కూడా మన రేనాటి చోళులదే. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో, సుమారు క్రీ.శ. 575 నాటిది.

రాజుల సంగతి చాలు అనుకునేవారికి సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఉంది. 1949లో వచ్చింది, తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో దానికే వచ్చింది. మన పెద్దలు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పన్నులు కట్టలేక ఏడ్చారు, ఇదంతా అందులో ఉంటుంది. లావు చూసి భయపడొద్దు. ఎక్కడ తెరిచినా చదవవచ్చు. నవలగా చరిత్ర కావాలంటే బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి'. అనంతపురం హండే రాజుల కాలపు రాయలసీమ నవల. అందులో రాజులకన్నా గొర్రెలవాళ్ళు, బంటులు, ఆడవాళ్ళు ఎక్కువ గుర్తుంటారు. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. కొన్ని ఘట్టాలు కఠినంగా ఉంటాయి కనుక ఇంటర్మీడియట్ పైవారికి ఇవ్వడం మంచిది.

ఇక మా అందరినీ ఒక్కటి చేసిన పుస్తకం 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ అనే నల్లజాతి రచయిత 1976లో ఇంగ్లీషులో రాసిన 'రూట్స్'ను సహవాసి గారు తెలుగు చేయగా, హైదరాబాద్ బుక్ ట్రస్టు వారు వేశారు. ఆఫ్రికాలో గాంబియా దేశంలోని జఫూరె అనే పల్లెలో కుంటా కింటే అనే కుర్రవాడిని పట్టుకుని, ఓడ అడుగున గొలుసులతో కట్టి అమెరికాకు తెచ్చి అమ్ముతారు. అక్కడి నుంచి ఏడు తరాల కథ. పేరు మార్చుకోమన్నప్పుడు అతను తన పేరు వదలడు. కూతురికి ఆ పేరు, మనవడికి ఆ పేరు, అట్లా నోటి మాటగా దిగుతూ వస్తుంది. మాలో ఒకడు ఆ పుస్తకాన్ని స్టడీ అవర్లో సోషల్ పుస్తకం లోపల పెట్టుకుని రెండు రోజుల్లో ముగించాడు. 'ఇది మన కతే గదరా' అన్నాడు. ఒక్క మాట మాత్రం చెప్పాలి. హేలీ రాసిన వంశవృక్షం అంతా రుజువైనది కాదని చరిత్రకారులు తర్వాత చూపించారు. కొన్ని భాగాలు హెరాల్డ్ కూర్లాండర్ అనే మరో రచయిత నవల నుంచి వచ్చాయని కేసు నడిచి 1978లో రాజీ అయింది. కాబట్టి దాన్ని నవలగా చదవాలి. అంత మాత్రాన ఓడ అడుగున గొలుసులు అబద్ధం కావు.

ఇప్పుడు భయం కథలు. 'సంక్షేమ హాస్టల్ గ్రంథాలయంలో దయ్యాల పుస్తకాలేమిటి, పిల్లలు చెడిపోరా' అని ట్యూటర్లు అడుగుతారు. మా అనుభవం వేరు. చదవడం అలవాటు లేని పిల్లవాడి చేత మొదటి నూరు పేజీలు చదివించేది భయమే. కరెంటు పోయిన రాత్రి మన హాలులో ట్రంకు పెట్టెల మధ్య చాపలు పరుచుకుని దయ్యం కథలు చెప్పుకోనివాడు ఎవడు? నీళ్ళు నిలిచిన పాత గుంతల దయ్యాలు, అర్ధరాత్రి లారీని ఆపే తెల్లచీర ఆవిడ, మన ప్రాంతంలో వీటికి కొదవ లేదు. ఒకసారి ఆలోచిస్తే ఈ కథల్లో ఒక కారణం కనబడుతుంది. లోతు గుంతల వైపు చిన్నపిల్లలు పోకుండా కాపాడేది ఆ దయ్యమే. ఇంకొకటి కూడా ఉంది. ప్రమాదంలో పోయిన కూలి మనిషి పేరు ఊరు మరిచిపోతుంది, దయ్యంగా మాత్రం గుర్తు పెట్టుకుంటుంది.

చిన్న తరగతుల వారికి బేతాళ కథలు. 1947లో మొదలైన 'చందమామ' పత్రిక ఇప్పుడు రావడం లేదు గాని, బేతాళ కథలు పుస్తకాలుగా దొరుకుతాయి. శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే రాజుకు, ఆ శవమే కథ చెప్పి చిక్కు ప్రశ్న వేస్తుంది. ఇంతకన్నా మంచి పాఠం చెప్పే పద్ధతి మేము బి.ఇడి. వాళ్ళ దగ్గర కూడా వినలేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క', 'మకరదేవత', 'రాకాసిలోయ' సీరియళ్ళు దొరికితే అసలు వదలొద్దు.

పెద్దవాళ్ళకు యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం'. 1980ల్లో ఆంధ్రదేశాన్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వని నవల అది. తులసి అనే చిన్నపాప మీద కాష్మోరా ప్రయోగం, ఒక పక్క డాక్టర్లు, ఒక పక్క మంత్రగాళ్ళు. మొదలుపెడితే ఆపలేము. మూఢనమ్మకాలను పెంచుతుందని ఆ రోజుల్లోనే దాని మీద ఘాటైన విమర్శ వచ్చింది, ఆ విమర్శలో న్యాయం ఉంది. బాణామతి, చిల్లంగి చేశారన్న నెపంతో మన తెలుగు నేల మీద మనుషులను కొట్టి చంపిన సంఘటనలు జరిగాయి. ఆ చచ్చిపోయినవాళ్ళు ఎక్కువగా బీదవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు, మన వాడల వాళ్ళు. అందుకని మా సలహా ఏమిటంటే 'తులసిదళం' పక్కనే జన విజ్ఞాన వేదిక వారి చిన్న పుస్తకాలు రెండు పెట్టండి. రాత్రి నవల చదివినవాడు పొద్దున ఆ పుస్తకం తెరిచి, నిమ్మకాయ కోస్తే రక్తం ఎందుకు కారుతుందో తెలుసుకుంటాడు. భయం సరదా కోసం ఉండాలి గాని, పక్కింటి అవ్వ మీద రాయి వేయడానికి కాదు.

దయ్యాలు లేని భయం కావాలంటే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం'. ఈయనదీ మన జిల్లానే. కరువు కాలంలో గొర్రెల మందలను నల్లమల అడవిలోకి తోలుకుపోయే కాపరుల వెంట, ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రవాడు పోతాడు. రాత్రి మంద చుట్టూ పులి తిరుగుతుంటే ఆ కుర్రవాడి గుండె ఎట్లా కొట్టుకుంటుందో చదివితే మన గుండె కూడా అట్లే కొట్టుకుంటుంది. 2019లో తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమా కూడా అయింది. ఇంగ్లీషు కొంచెం పట్టున్నవారికి కెన్నెత్ ఆండర్సన్ వేట కథలు. 1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలో చామల లోయ పులి కథ ఉంది. చామల లోయ ఎక్కడో కాదు, మన శేషాచలం కొండల్లో. మామండూరు పులి మీద కూడా ఆయన మరో కథ రాశాడు. మనం తిరుపతి పోయేటప్పుడు రైలు కిటికీలోంచి చూసే మామండూరు స్టేషనే అది. అక్కడ ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ ఆ కథ చదివితే టీ చల్లారిపోతుంది.

మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' గురించి చెప్పకుండా ఉండలేము. 1816లో, పద్దెనిమిదేళ్ళ వయసులో ఆ అమ్మాయి దాన్ని మొదలుపెట్టింది, 1818లో అచ్చయింది. పిల్లల కోసం తగ్గించి రాసిన ఇంగ్లీషు ప్రతులు తక్కువ ధరకే దొరుకుతాయి. ఫ్రాంకెన్‌స్టైన్ అనేది రాక్షసుడి పేరని అందరూ అనుకుంటారు, కాదు, అది వాణ్ణి తయారుచేసిన మనిషి పేరు. వాడికి పేరే పెట్టలేదు. రూపం చూసి ప్రతివాడూ తరిమికొడతాడు. వాడు ఒక ఇంటి పక్క కొట్టంలో దాక్కుని, గోడ సందులోంచి చూసి చదువు నేర్చుకుంటాడు. అడవిలో దొరికిన సంచిలోని మూడు పుస్తకాలు చదువుతాడు. చదివిన తర్వాత వాడికి వచ్చిన మొదటి ప్రశ్న 'నేనెవరిని' అనేది. ఊరి బయట ఉండి, దొంగచాటుగా చదువు నేర్చుకున్నవాడి కథ మనకు అంత దూరమేమీ కాదు.

భయం నుంచి న్యాయానికి పోవడానికి మా దృష్టిలో ఒకే ఒక వంతెన ఉంది. అది డాక్టర్ అంబేద్కర్ గారు తన అనుభవాలను రాసుకున్న చిన్న పుస్తకం, 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. పట్టుమని ముప్పై పేజీలు ఉండదు. 1901లో, చిన్న పిల్లవాడుగా ఉన్నప్పుడు, తన అన్నతో, అక్క కొడుకుతో కలిసి గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరికి రైల్లో బయలుదేరారు. కొత్త బట్టలు, సంబరం. మసూర్ స్టేషన్లో దిగితే తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. మహర్ పిల్లలని తెలియగానే స్టేషన్ మాస్టరు ముఖం మారిపోయింది. బండివాళ్ళు ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగకు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలాలి, తాను నడిచి వస్తాడట. సాయంత్రం అయింది, చీకటి పడింది. దగ్గర అన్నం ఉంది, తాగడానికి నీళ్ళు లేవు. టోల్ గేటు దగ్గర అడిగితే నీళ్ళు దొరకలేదు. ఆ రాత్రి ఆ పిల్లలు ఆకలితో, భయంతో పడుకున్నారు. ఇందులో దయ్యం లేదు, పులి లేదు. ఉన్నవాళ్ళందరూ మనుషులే. మేము చదివిన భయం కథల్లో దీనికి మించినది లేదు. ఇంటర్మీడియట్ అన్నలు ఇంగ్లీషులో చదివి, చిన్న తరగతుల వారికి తెలుగులో చెప్పాలని మా కోరిక. తర్వాత 'కుల నిర్మూలన'. 1936లో లాహోరు సభలో చదవవలసిన ఉపన్యాసం, నిర్వాహకులు భయపడి సభ రద్దు చేస్తే ఆయనే సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. అది ఒక్కసారికి అర్థం కాదు. పదో తరగతిలో ఒకసారి, డిగ్రీలో ఒకసారి చదవాలి.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. అంబేద్కర్ గారు స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ 1925లో షోలాపూర్‌లో మన వంటి పిల్లల కోసం ఒక వసతి గృహం తెరిచింది. ఆ పిల్లలు 'సరస్వతీ విలాస్' అని ఒక మాసపత్రిక నడిపారు. మీరు చేత పట్టుకున్న ఈ సంచికకు అది అన్న అవుతుంది.

తెలుగులో ఈ కోవ పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. జాషువా 'గబ్బిలం' (1941), ఉన్నవ 'మాలపల్లి' (1922) పేర్లు పరీక్షల కోసం అందరికీ వచ్చు, పుస్తకాలు చదివినవారు తక్కువ. 'గబ్బిలం'లో గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో స్వేచ్ఛగా వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. ఆ ఒక్క ఊహ కోసమైనా చదవాలి. కారంచేడు (1985), చుండూరు (1991) ఘోరాల తర్వాత తెలుగు దళిత సాహిత్యం ఒక ఉప్పెనలా వచ్చింది. 1995 నాటి 'చిక్కనవుతున్న పాట' ఆ కవుల సంకలనం. జి. కల్యాణరావు గారి 'అంటరాని వసంతం' (2000) మన 'ఏడు తరాలు'. ఎన్నెలదిన్ని అనే పల్లె నుంచి మొదలై, కరువులో వలసపోయినవాళ్ళు, మతం మారినవాళ్ళు, పాటలు కట్టినవాళ్ళు తరతరాలుగా నడిచి వస్తారు. రూతు అనే ముసలమ్మ జ్ఞాపకంగా కథ సాగుతుంది. మాలో సగంమందికి చదువుతుంటే సొంత అవ్వలు గుర్తొచ్చారు.

ఆడవాళ్ళ మాట వినాలంటే గోగు శ్యామల గారు 2003లో కూర్చిన 'నల్లపొద్దు', ఆమె సొంత కథలు 'ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం' (2013). బాలుర హాస్టల్ కనుక ఇవి మనకు అక్కర్లేదు అనుకోవద్దు. మనకే ఎక్కువ అవసరం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళను కలిసి, వారి మాటల్లోనే రాసి 1986లో వేసిన 'మనకు తెలియని మన చరిత్ర' కూడా ఈ వరసలో పెట్టాలి. మన జిల్లా యువకులు ఇద్దరు వరుసగా కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారాలు పొందిన సంగతి తెలుసా? 2011లో వేంపల్లి గంగాధర్ 'మొలకల పున్నమి', 2012లో వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'. రెండూ కథల పుస్తకాలే. 'జుమ్మా' కథలో, శుక్రవారం నమాజుకు పోరా అని ఎప్పుడూ వెంటపడే తల్లి, 2007లో మక్కా మసీదులో బాంబు పేలిన తర్వాత పోవద్దు అంటుంది. నాలుగు పేజీల్లో అంత చెప్పవచ్చని మాకు అప్పుడే తెలిసింది.

చివరగా, కథా కాదు కవితా కాదు, ఒక పనిముట్టు లాంటి పుస్తకం. బొజ్జా తారకం గారి 'పోలీసులు అరెస్టు చేస్తే'. తారకం గారు (1939–2016) హైకోర్టు న్యాయవాది. కారంచేడు సంఘటన తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవి వదులుకుని బాధితుల పక్షాన నిలబడ్డారు. బీదవాడికి అర్థమయ్యే తెలుగులో హక్కులు చెప్పే పుస్తకం ఇది. ఇప్పుడు చదివేవారు ఒకటి గమనించాలి. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది కనుక సెక్షన్ల నంబర్లు మారాయి. కాని అరెస్టుకు కారణం చెప్పాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి అన్నవి రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉన్నాయి, అవి మారలేదు. ఈ ఒక్క పుస్తకం హాస్టల్లోనే కాదు, ప్రతి వాడలోనూ ఉండాలి.

ఇన్ని పుస్తకాలకు డబ్బు ఎక్కడిది అంటారేమో. అన్నీ కొనక్కర్లేదు. మన పెద్దలు కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది, 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం. అంటే ప్రభుత్వ శాఖా గ్రంథాలయం మన డబ్బుతో నడిచేదే. అక్కడ సభ్యత్వం తీసుకోండి. కావలసిన పుస్తకం లేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి, నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పెద్దలు వచ్చినప్పుడు మళ్ళీ అడగండి. గ్రంథాలయోద్యమానికి జీవితం ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు మన కర్నూలు మనిషే. సీమవాడు లైబ్రరీలో పుస్తకం అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు. కొనదలచినవి జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకు పోయేవారితో తెప్పించుకుంటే కొంత తగ్గింపు వస్తుంది.

బీరువా తాళం విషయం కూడా వార్డెన్ గారికి మనవి చేస్తున్నాము. పుస్తకాలు పోతాయని తాళం వేస్తే పుస్తకాలు పోవు, చదివేవాళ్ళు పోతారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి ఇద్దరిని నెలకొకసారి మార్చి మార్చి గ్రంథపాలకులుగా పెట్టండి. తీసుకున్న పుస్తకానికి ఒక నోటు పుస్తకంలో పేరు, తేదీ రాయాలి. తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్క వాక్యం రాయాలి, నచ్చిందో లేదో, ఎందుకో. నచ్చలేదని రాసినవాడిని ఎవరూ తిట్టకూడదు. అదే నోటు పుస్తకం వెనక వైపు నుంచి ఇంకో పని చేయండి. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వనో తాతనో అడిగి, ఊరు ముందు ఎక్కడ ఉండేది, గని రాకముందు ఆ నేలలో ఏం పండేది, కూలి ఎంత ఇచ్చేవారు, ఏ బావి నీళ్ళు తాగనిచ్చేవారు, ఏ బావి నీళ్ళు తాగనిచ్చేవారు కాదు అన్నవి వాళ్ళ మాటల్లోనే రాసుకురండి. రాసినవాడి పేరు, చెప్పినవాళ్ళ పేరు, తేదీ తప్పకుండా వేయండి. కరణం చెప్పింది రాసుకున్న మెకంజీ మనుషులు కూడా చేసింది ఇంతే.

కొనే పట్టికలో మొదటి పేరు 'ఏడు తరాలు' వేయండి. అదొక్కటి మాత్రం రెండు ప్రతులు తెప్పించండి. ఒకటి ఎట్లాగూ బీరువాకు తిరిగి రాదు.